సూప్ మేకర్‌లో పెసరపప్పు అడుగంటకుండా ఉంటుందా?

మా అత్తగారికి పళ్ళు కట్టిస్తున్నారు, కొన్నాళ్ళు మెత్తటి తిండే పెట్టాలి. రోజూ కుక్కరూ మిక్సీ రెండూ కడగలేక, ఉడికించి అందులోనే మెత్తగా రుబ్బేసే సూప్ మేకర్ కొందామనుకుంటున్నాం. 1.6 లీటర్లది చూశాను. మాకు కావాల్సింది ఇద్దరికే, కానీ లోపల కనీస గీత దాకా నింపాల్సిందేనట. మరీ పల్చబడిపోదూ?

టమాటా, క్యారెట్ సరే. పెసరపప్పు వేస్తే అడుగున పేరుకుని మాడుతుందంటున్నారు, అసలు టెన్షన్ అదే. నానబెట్టి వేస్తే సరిపోతుందా? ఉల్లి, వెల్లుల్లి అందులోనే వేయించుకునే రకం తీసుకోవాలా, పోపు విడిగా పెట్టుకోవడమే నయమా? మోటారున్న మూత నీళ్ళలో ముంచకూడదట; బ్లేడుకు చుట్టుకున్న టమాటా తొక్కలు ఎలా తీస్తారండీ? వాడుతున్నవాళ్ళు కాస్త చెప్పండి.