ఫజ్జీ లాజిక్: శాస్త్రమా, స్టిక్కరా?

వేలచ్చేరి_వాసి
నిన్న చెన్నై టి.నగర్‌లో వాషింగ్ మెషీన్ కొందామని వెళ్ళాం. చూడ్డానికి ఒకేలాంటివి రెండు, ధరలో మూడున్నర వేలు తేడా. ఎందుకయ్యా అంటే సేల్స్ కుర్రాడు మూత మీద స్టిక్కర్ చూపించాడు. "ఫజ్జీ లాజిక్ సార్, బట్టల్ని బట్టి అదే ఆలోచించుకుంటుంది." మా ఆవిడ "ఇంట్లో మనిషే ఆలోచించడు, ఇది ఆలోచిస్తుందట" అంది. సరే, అది మా గొడవ. ఇంజనీరింగ్‌లో ఒక సెమిస్టర్ దీన్ని చదివాను. 1965లో బర్క్లీలో లొట్ఫీ జాదే రాసిన పేపరు, నిజానికీ అబద్ధానికీ మధ్య 0 నుంచి 1 దాకా ఎంతైనా ఉండొచ్చన్న మాట, అంతవరకే గుర్తుంది. ఇది లేకపోతే జరగని పని లోకంలో ఏదైనా ఉందా? లేక ప్రోగ్రాముల్లో "ఇలా అయితే ఇది, లేకపోతే అది" అని రాసే ఇఫ్-ఎల్స్‌కి పెట్టిన ముద్దుపేరా?

లెక్కల_టీచరమ్మ
నా ఓటు ముద్దుపేరుకే. "గది వేడిగా ఉంది" అన్నది 0.5 నిజం అనుకోండి. "వేడిగా లేదు" కూడా 0.5 అవుతుంది. "లేదా" వస్తే రెండింట్లో పెద్దది తీసుకోవాలన్నది జాదే నియమం. అంటే "గది వేడిగా ఉంది లేదా వేడిగా లేదు" అన్నా సగమే నిజం! ఎటు తిప్పినా నిజం కావలసిన వాక్యం సగం దగ్గర ఆగిపోతే దాన్ని తర్కం అనడానికి నాకు నోరు రాదు. తెలియనిదాన్ని కొలవడానికి 300 ఏళ్ళకు పైగా సంభావ్యత ఉంది. జాదే పనిచేసిన యూనివర్సిటీలోనే విలియం కహాన్ అనే ప్రొఫెసరు దీన్ని కొకెయిన్‌తో పోల్చాడు, ఊరికే కాదు.

కోడంబాక్కం_కోడర్
మేడమ్, రెండు వేరు సంగతుల్ని ఒకే గాటన కట్టేశారు. మా అత్తగారు ఒంగోలు నుంచి ఆవకాయ జాడీ పంపారు. "బూజు పట్టి ఉండే అవకాశం 0.8" అన్నారనుకోండి, మూత తీయగానే ఆ 0.8 మాయం. పట్టిందో లేదో తేలిపోతుంది. "కారం 0.8" అంటే మూత తీసినా, నాలిక్కి రాసుకున్నా, అన్నంలో కలుపుకున్నా అది 0.8గానే ఉంటుంది. మొదటిది మనకు తెలియకపోవడం. రెండోదానికి ఇక్కడిదాకా కారం, ఇక్కణ్ణుంచి కాదు అన్న గీతే అసలు లేదు. 1987లో జపాన్‌లో సెండాయ్ సబ్‌వే మొదలైనప్పుడు రైళ్ళు నడిపే బాధ్యత హిటాచీ వాళ్ళు ఫజ్జీ కంట్రోలర్‌కే, అంటే "కాస్త", "బాగా" లాంటి మాటలతో రాసిన రూల్స్‌ని పాటించే యంత్రానికే ఇచ్చారు. ముద్దుపేరుతో రైళ్ళు నడుస్తాయా?

లెక్కల_టీచరమ్మ
ఆవకాయ బాగుంది. కానీ ఆ 0.8 ఎవరిచ్చారు? మీ అత్తగారి నాలుకా, మీ పిల్లల నాలుకా? బూజు సంగతి వంద జాడీలు తెరిచి సరిచూడొచ్చు. కారం 0.8ని దేనితో సరిచూస్తారు? ఇక సెండాయ్ గురించి సగమే చెప్పారు. ఇప్పుడు బ్రేకు ఇంత వేస్తే రైలు ఎక్కడ ఆగుతుందో ముందే లెక్కగట్టే మోడల్ కూడా అందులో ఉంది. రూల్స్ ఆ లెక్క మీద ఆధారపడ్డాయి.

త్యాగరాయనగర్_వేదాంతి
జైనుల స్యాద్వాదంలో ఇదంతా ఎప్పుడో ఉంది. మనవాళ్ళకు కొత్తేం కాదు.

కోడంబాక్కం_కోడర్
ఆ స్యాద్వాదపు సప్తభంగిలో "ఒక విధంగా ఉంది, ఒక విధంగా లేదు, చెప్పలేం" లాంటి ఏడు రకాల మాటలున్నాయి స్వామీ. 0.3కీ 0.7కీ తేడా అందులో ఎక్కడుందో చూపించండి, ఒప్పుకుంటా.

కిల్న్_తాత
ఎర్రగుంట్ల వైపు సిమెంటు ప్లాంటులో ముప్ఫై ఏళ్ళు చేశాను. ఇప్పుడు మడిపాక్కంలో కొడుకు దగ్గర. బయట వాన, చేతిలో ఫోను, అందుకే ఇంత పొడుగు రాస్తున్నా, ఓపిక పట్టండి.

టీచరమ్మ అడిగిన "ఎవరిచ్చారు"కి నా జవాబు: మా బర్నర్ ఫోర్‌మన్. కిల్న్ అంటే సిమెంటు కొలిమి. దాని లోపల క్లింకర్, అంటే పొడి చేస్తే సిమెంటు అయ్యే గడ్డలు, 1450 డిగ్రీల దాకా కాలుతుంది. తిరిగే ఇనుప గొట్టం, లోపల మంట, దుమ్ము. ఆ మంట ఉన్నచోట థర్మామీటరు పెట్టి నిలబెట్టలేం. ఇప్పుడు బొగ్గు తిప్పితే ఫలితం అరగంటకు గానీ కనపడదు. అందుకని ఫోర్‌మన్ నీలం అద్దంలోంచి చూసి "లేతగా ఉంది" అనేవాడు. అరిసెల పాకం చూసే మనిషి లాగే. లేత అంటే సున్నం పూర్తిగా కలవలేదని. "మోటారు ఆంప్స్ కాస్త దిగుతున్నాయి, ఆక్సిజన్ బాగానే ఉంది, బొగ్గు ఒక పిసరు పెంచు" అనేవాడు. పిసరు అంటే ఎంతో ఆ షిఫ్టులో అందరికీ తెలుసు. దానికి సమీకరణం రాసిచ్చినవాడు మాత్రం లేడు.

1970ల్లో లండన్‌లో మమ్దానీ అనే ఇంజనీరు ఒక విద్యార్థితో కలిసి చిన్న ఆవిరి యంత్రాన్ని ఇలాంటి మాటలతోనే నడిపి చూపించాడు. ఆ దశాబ్దం చివరికి డెన్మార్క్‌లో సిమెంటు యంత్రాలు చేసే ఎఫ్.ఎల్.స్మిత్ కంపెనీ వాళ్ళు దాన్ని సిమెంటు కిల్న్ మీదికి తెచ్చారు. తొంభైల్లో మాకూ అలాంటిది వచ్చింది. మా మంచి ఫోర్‌మన్ కన్నా అది తెలివైనదేం కాదు. కానీ ముగ్గురు ఫోర్‌మన్‌లు మూడు షిఫ్టుల్లో మూడు రకాలుగా కిల్న్‌ని ఊపేవాళ్ళు, ఒకడు పెంచింది ఇంకొకడు తగ్గించేవాడు. ఇది రాత్రి మూడింటికి కూడా పగటిపూట లాగే నడిపేది. లోపలి గోడకు ముద్ద రింగులా పేరుకున్నప్పుడు, గోడకు పట్టిన కోటింగ్ ఊడిపడినప్పుడు మాత్రం చేతులెత్తేసేది. మాన్యువల్‌కి మార్చి మేమే తిప్పుకునేవాళ్ళం.

లెక్కల_టీచరమ్మ
తాతగారూ, మీరు నా పక్షమే. 1993లో చార్లెస్ ఎల్కన్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త రాసిన పేపరు కూడా ఇదే పట్టుకుంది: గెలిచిన ఫజ్జీ కంట్రోలర్లలో రూల్స్ కొద్దిగా ఉంటాయి, ఒక్క మెట్టులో జవాబు వచ్చేస్తుంది, అంకెలు చేత్తో సరిచేసుకుంటారు. గెలుపు ఫోర్‌మన్‌ది, జాదేది కాదు.

కిల్న్_తాత
ఫోర్‌మన్‌దేనమ్మా. కానీ అతని మాటను అతని భాషలోనే మెషీన్‌కి అందించే దారి అప్పట్లో మాకు ఇంకోటి కనపడలేదు. అతను రిటైరైతే ఆ పిసరు కూడా పెన్షన్ తీసుకుని వెళ్ళిపోయేది.

నాయుడుపేట_మెకానిక్
ఏందన్నా, సిమెంటు దాకా పోయినారు, మెషీన్ సంగతి ఎవురూ చెప్పలా. నేను అన్నానగర్ సైడు సర్వీసుకు పోతా ఉంటా. స్టార్ట్ కొట్టినాక నీళ్ళు రాకముందే లోపల రెండు మూడు సార్లు అటూ ఇటూ తిరుగుతాది చూడు, అదే తూకం. మోటారు తిప్పి వదిలేస్తాది, ఎంతసేపట్లో ఆగిందో చూస్తాది. గబుక్కున ఆగితే బట్టలు ఎక్కువని, నీళ్ళు ఎక్కువ పట్టుకుంటాది. నేను చూసిన బోర్డుల్లో నీళ్ళకి ఎనిమిదో పదో లెవల్స్ ఉండాయి, అంతే. స్టిక్కర్ ఉన్నదాంట్లో అదే, లేనిదాంట్లో చాలావాటిల్లో అదే.

కోడంబాక్కం_కోడర్
ఒప్పుకుంటా అన్నా. 1990లో మట్సుషిటా, అంటే ఇప్పటి ప్యానసోనిక్, తెచ్చిన మెషీన్‌లో నీళ్ళ మురికిని కాంతితో చూసే సెన్సార్ ఉండేది. మురికి "కొంచెం", "బాగా" అన్న రెండు రూల్స్ సగం సగం పనిచేస్తే ఉతికే టైము ఆ రెంటి మధ్యలో పడేది. అది ఫజ్జీ. లెవల్ నుంచి లెవల్‌కి గెంతేది పట్టీలో చూసి చెప్పడం. ఇక్కడ స్టిక్కరే మిగిలింది.

వేలచ్చేరి_వాసి
నాకో చిన్న డౌటు. వాతావరణ శాఖ లెక్కలో రోజుకు 64.4 మి.మీ. పడితే మోస్తరు వర్షం, 64.5 పడితే భారీ వర్షం. మా వీధిలో మోకాలి లోతు నీళ్ళకి ఆ 0.1 తేడా తెలుస్తుందా? అక్కడ ఫజ్జీ పెట్టాలి కదా?

పురసైవాక్కం_డాక్టరు
వద్దండీ. కలెక్టరు పిల్లలకి 0.6 సెలవు ఇవ్వలేడు.

కోడంబాక్కం_కోడర్
సార్, ఫజ్జీలోనూ చివరికి ఒక్క అంకే బయటికొస్తుంది. గీత చివర్లో గీస్తారు, మొదట్లో కాదు, అంతే.

పురసైవాక్కం_డాక్టరు
అదే నా అభ్యంతరం. 64.5 అని గోడమీద రాసి ఉంటే తప్పయినా అందరికీ కనపడుతుంది, కోర్టులో అడగొచ్చు. నలభై రూల్స్ కలిసి తేల్చిన జవాబును ఎవర్ని నిలదీస్తారు? అలాగని నేను దీనికి శత్రువును కాను. టైప్ 1 షుగర్ పిల్లలకు రాత్రిపూట ఇన్సులిన్ పంపును నడపడానికి, డాక్టర్లు ఆలోచించే తీరును ఫజ్జీ రూల్స్‌గా రాసి ఒక పద్ధతి చేశారు. ఇజ్రాయెల్, స్లొవేనియా, జర్మనీల్లో క్యాంపులకు వచ్చిన 56 మంది పిల్లల మీద చూస్తే రాత్రి షుగర్ పడిపోవడం తగ్గింది. 2013లో ప్రచురించారు. మంచం పక్కన రాత్రంతా డాక్టరు కూర్చోలేని చోటది. తాతగారి మూడో షిఫ్టు లాంటిదే. అక్కడ ఫలితాన్ని కొలిచి సరిచూశారు కాబట్టి టీచరమ్మ ప్రశ్నకూ కొంత జవాబు దొరికినట్టే.

లెక్కల_టీచరమ్మ
కొంత. ఫలితాన్ని సరిచూశారు, 0.8ని కాదు. పంపు పనిచేస్తే నాకు సంతోషమే. దాన్ని తర్కం అని పిలవకండి, చాలు.

వేలచ్చేరి_వాసి
అప్‌డేట్. స్టిక్కర్ లేనిదే తెచ్చాం. ఇంటికొచ్చి పుస్తకం తెరిస్తే మెకానిక్ అన్న చెప్పిన తూకం సంగతే రాసి ఉంది, ఫజ్జీ అన్న మాట మాత్రం లేదు. మా ఆవిడ అప్పుడే లెవల్ తనే చేత్తో పెట్టేసింది.

నాయుడుపేట_మెకానిక్
బోరు నీళ్ళా, మెట్రో నీళ్ళా అన్నా? బోరయితే పైపు బిగించే కాడ ఉండే జాలీ నెలకోసారి తీసి కడుక్కో. ముందు పూడుకునేది అదే.