అక్షరం లేని బిగింపు బొమ్మల్లో పక్క పలక తిరగబడుతోంది, ఎలా ఆపాలి?

గీతలగోల:
మూడు అరల చెక్క షెల్ఫుకు బిగింపు కాగితం గీస్తున్నాను. అంకెలు తప్ప ఒక్క అక్షరం కూడా ఉండకూడదు. మొత్తం 8 బొమ్మలు. ఆరుగురి చేతికిస్తే నలుగురు 3వ బొమ్మ దగ్గర పక్క పలకను తలకిందులుగా బిగించారు. పలక పొడవు 720 మి.మీ. ఒక కొసన చిల్లు అంచుకు 30 మి.మీ. దూరంలో, రెండో కొసన 50 మి.మీ. దూరంలో ఉంటుంది. బొమ్మలో స్కేలు తప్పలేదు. ఇంకోటి: 4వ బొమ్మలో స్క్రూలు వదులుగా ఉంచి 7లో బిగించాలి. "ఇప్పుడే బిగించొద్దు" అని బొమ్మలో ఎలా చెప్పాలి?

సన్నగీత:
స్కేలు తప్పకపోవడమే ఇక్కడ చిక్కు. 720 మి.మీ. పలకను కాగితం మీద 90 మి.మీ. గీస్తే ఎనిమిదో వంతు. అంటే ఆ 20 మి.మీ. తేడా రెండున్నర మిల్లీమీటర్లకు దిగిపోతుంది. చూసేవాడికి రెండు కొసలూ ఒకేలా కనబడతాయి. రెండు కొసలనూ గుండ్రటి భూతద్దపు గళ్లలో పెద్దవి చేసి, పక్కపక్కనే పెట్టండి. అంచు నుంచి చిల్లు దాకా ఉన్న జాగాను బూడిద రంగుతో నింపండి. కన్ను ముందు దాన్నే పోలుస్తుంది.

తప్పు బొమ్మ కూడా వేయండి, కానీ ఒప్పుదాని కంటే చిన్నగా. ఇంటూ గుర్తు పక్కన ఉండాలి. పైన కొట్టేస్తే, చూపించాల్సిన చిల్లునే ఆ గీతలు కప్పేస్తాయి.

ఇక "వద్దు", "తర్వాత" అనే మాటలు బొమ్మకు రావు. ఆ క్షణంలో వస్తువు ఎలా ఉండాలో మాత్రమే అది చెప్పగలదు. 4లో స్క్రూ తలకీ చెక్కకీ మధ్య 3 మి.మీ. సందు కనబడేలా పెద్ద బొమ్మ వేయండి. 7లో అదే కోణం, అదే సైజు, సందు మాయం. కోణం మారిందా, ఆ రెండూ ఒకే స్క్రూ అని ఎవరూ పోల్చుకోరు.

బాణంగుర్తు:
మీ బాణాలు కూడా ఓసారి చూసుకోండి. చాలామంది ఒకే బాణంతో మూడు పనులు చేయిస్తారు: ముక్క ఇటు కదలాలి, ఇక్కడ చూడు, తర్వాతి బొమ్మకు వెళ్లు. లావు నల్ల బాణం కదలికకే ఉంచండి. "ఇక్కడ చూడు" అనడానికి మొన లేని సన్న గీత చాలు. వరుసకు అంకెలు వేయండి. అరబిక్, హీబ్రూ చదివేవాళ్ల చూపు కుడి నుంచి మొదలవుతుంది. అంకె లేకపోతే ముందూ వెనకా తారుమారే.

అప్పటికే బిగించిన భాగాలకు 0.2 మి.మీ. గీత, కొత్తగా వచ్చే ముక్కకు 0.5. రెండింటికీ ఒకే మందం ఉంటే ఏది కొత్తదో వెతుక్కోవడానికే సమయం పోతుంది.

నాలుగు స్క్రూలు కావాలంటే నాలుగూ గీయండి. 1920లలో వియన్నాలో ఓటో నాయ్‌రాట్ బృందం లెక్కలను చూపే బొమ్మలకు (తర్వాత వీటికి ఐసోటైప్ అని పేరొచ్చింది) పెట్టుకున్న నియమమూ ఇదే: ఎక్కువ ఉంటే బొమ్మలు ఎక్కువ వేయాలి, బొమ్మను పెంచకూడదు. పెద్ద స్క్రూ గీస్తే పెద్ద స్క్రూ అనే అనుకుంటారు!

చెక్కపొట్టు:
30, 35 మి.మీ. స్క్రూలు రెండూ ఉంటే వాటిని అసలు సైజులో ముద్రించండి, బొమ్మ మీద పెట్టి సరిచూసుకోవచ్చు. ప్రింటు తీసేటప్పుడు "పేజీకి సరిపడేలా" అన్న ఆప్షన్ తీసేయాలి. లేకపోతే కొలత కాస్త కుంచించుకుపోతుంది, స్క్రూ తన బొమ్మకే సరిపోదు. ముద్రించాక స్కేలు పెట్టి చూడండి.

ఇంటూ గుర్తు ఎరుపు రంగు మీద ఆధారపడకూడదు. నలుపు తెలుపు ప్రింటులో ఆకారం ఒక్కటే మిగులుతుంది.

వీలైతే పలకనే మార్చండి. ఒక కొసన రెండు చిల్లులు, రెండో కొసన మూడు ఉంటే తిప్పి పెట్టినా చెక్క పిన్నులు కూర్చోవు. అప్పుడు ఆ భూతద్దపు గళ్లు కూడా అక్కర్లేదు.

మళ్లీ పరీక్ష పెట్టేటప్పుడు ఆ ఆరుగురినే పిలవొద్దు, వాళ్లకు జవాబు తెలిసిపోయింది. "అర్థమైందా?" అనీ అడగొద్దు, అందరూ అవుననే అంటారు. నోరు మెదపకుండా చేతుల్నే చూడండి. పలకను తీసుకుని రెండోసారి తిప్పి చూశారంటే, సరిగ్గానే బిగించినా సరే, ఆ బొమ్మను మళ్లీ గీయాల్సిందే.