ముఖం దాచిన వయస్సు: అమెరికా నల్లజాతి మహిళల వార్ధక్యం గురించి ఒక సందేహం

ప్రశ్న: మలిసంధ్య

అట్లాంటాలో ఒక ఆసుపత్రి రికార్డుల విభాగంలో పనిచేస్తున్నాను. నా పక్క సీటులోని సహోద్యోగిని, ఒక నల్లజాతి మహిళ, వచ్చే నెల పదవీ విరమణ చేస్తున్నారు. ఆమెకు 65 ఏళ్లంటే ఎవరూ నమ్మరు. నుదుటి మీద ఒక్క గీత లేదు. మొన్న మాటల్లో, "మీకు వయస్సు మీద పడినట్టే లేదు" అన్నాను. ఆమె నవ్వి, "బ్లాక్ డోంట్ క్రాక్ అంటారు కదా" అంటూనే సొరుగులోంచి చిన్న బ్యాటరీ ఫ్యాను తీసి మెడ దగ్గర పెట్టుకొని, "పగుళ్లుంటే లోపల ఉన్నాయిలే" అన్నారు. వీడ్కోలు సభలో ఆమె గురించి నాలుగు మాటలు చెప్పే బాధ్యత నాపై పడింది. నల్లని చర్మం ముడతపడదన్న ఆ నానుడిలో నిజమెంత? దాన్ని సభలో ప్రస్తావించవచ్చా? ఆమె చివరి మాటను నేనెలా అర్థం చేసుకోవాలి?

జవాబు 1: చర్మశాస్త్ర విద్యార్థిని

మలిసంధ్య గారూ, నానుడిలో నిజం లేకపోలేదు. ముదురు వర్ణపు చర్మంలో, రంగునిచ్చే మెలనిన్ రేణువులు పెద్దవిగా ఉండి, కణాలలో విడివిడిగా పరచుకొని అతినీలలోహిత కిరణాలను అడ్డుకుంటాయి కనుక, ఎండ వల్ల వచ్చే సన్నని గీతలు తెల్లవారితో పోలిస్తే దాదాపు పదేళ్లు ఆలస్యంగా కనబడతాయి. అయితే వయస్సు అక్కడ వేరే దారిన వస్తుంది: కళ్ల కింద, బుగ్గల్లో కండ తరుగుతుంది, చర్మపు రంగు ఒకచోట ముదిరి మరొకచోట తేలుతుంది, చెంపల మీద చిన్న చిన్న నల్లని పులిపిర్ల వంటివి లేస్తాయి. మంగు విషయంలో కంటికి కనిపించే వెలుతురు కూడా దోషే కనుక, ఐరన్ ఆక్సైడ్ కలిసిన రంగు సన్‌స్క్రీన్ వాడమంటారు. ముఖాన సున్నం కొట్టినట్టు తెల్లగా తేలే క్రీములే చాలాకాలం అంగళ్లలో దొరికాయి; నల్లజాతి స్త్రీలు వాటికి దూరంగా ఉన్నారంటే తప్పు ఎవరిదో వేరే చెప్పనక్కరలేదు.

జవాబు 2: గణాంకాల గంగ

చర్మం సంగతి సరే, ఆ ఫ్యాను సంగతి ఎవరూ పట్టించుకోలేదు. రుతువిరతి గురించి అమెరికాలో 1990ల నుంచి పలు జాతుల మహిళలను ఏళ్ల తరబడి అనుసరిస్తూ వచ్చిన 'స్వాన్' అధ్యయనం ప్రకారం, ఒంట్లో ఆవిర్లు రావడం, చెమటలు పట్టడం తెల్లజాతి మహిళల్లో మధ్యస్థంగా 6.5 ఏళ్లు కొనసాగితే, నల్లజాతి మహిళల్లో 10.1 ఏళ్లు కొనసాగాయి. నిద్ర చెడిపోయిన పదేళ్లు ముఖం మీద కనిపించకపోవచ్చు గాని, ఒంటికి తెలుస్తాయి.

ఇక "లోపల" అన్న మాటకు వస్తాను. ఆర్లీన్ జెరోనిమస్ అనే ప్రజారోగ్య పరిశోధకురాలు 1992లో 'వెదరింగ్' అనే భావనను ప్రతిపాదించారు. భూగోళ పాఠంలో మనం చదువుకున్న శిలాశైథిల్యమే ఆ మాట: ఎండకూ వానకూ రాయి కొద్దికొద్దిగా అరిగినట్టు, జాతివివక్షనూ దాని వెంట వచ్చే ఆర్థిక ఒత్తిడినీ ఏళ్లపాటు తట్టుకోవడం వల్ల శరీరం తన వయస్సుకంటే ముందే అరిగిపోతుందన్నది ఆమె వాదన. 2010లో ఆమె బృందం 49–55 ఏళ్ల మహిళల టెలోమియర్ల (వయస్సుతోపాటు పొట్టివవుతూ వచ్చే క్రోమోజోముల చివరి కొసల) పొడవును పోల్చి, నల్లజాతి మహిళల శరీరాలు అదే వయస్సున్న తెల్లజాతి మహిళలకంటే దాదాపు 7.5 ఏళ్లు పెద్దవిగా ఉన్నాయని అంచనా వేసింది. అది చిన్న నమూనా మీద కట్టిన అంచనాయే అయినా, చర్మం పదేళ్లు వెనకబడిందని మెచ్చుకొనే చోట లోపలి గడియారం ఏడేళ్లు ముందుకు పరుగెత్తుతోందన్న సంగతిని పక్కన పెట్టలేము. పైకి ఆరోగ్యంగా కనిపించే మనిషి నొప్పి అంటే వినేవారు తక్కువ.

జవాబు 3: నెరిసిన జడ

నానుడి వారిది, వారిలో వారు గర్వంగా, సరదాగా అనుకొనే మాట. వేదిక మీద మీ నోట అది అంత బాగుండదని నా అభిప్రాయం. నల్లజాతి నటి సిసిలీ టైసన్‌ను గుర్తుచేసుకోండి. 1924లో పుట్టిన ఆమె, 1963లోనే టెలివిజన్‌లో జుట్టును సాగదీయకుండా సహజమైన ఉంగరాలతో కనిపించారు. 2013లో, 88 ఏళ్ల వయస్సులో, అమెరికా నాటకరంగపు టోనీ పురస్కారం అందుకొన్నారు. జుట్టు తీరును బట్టి ఉద్యోగంలో వివక్ష చూపరాదన్న క్రౌన్ చట్టం మొదట కాలిఫోర్నియాలో వచ్చింది 2019లో. అంటే మీ సహోద్యోగిని తన ఉద్యోగ జీవితంలో అధికభాగం ఆ రక్షణ లేకుండానే గడిపారు. నెరిసిన ఉంగరాల జుట్టుతో ఆమె ఇప్పుడు కార్యాలయానికి వస్తున్నారా? వస్తుంటే, చెప్పవలసిన మాట ముడతల్లో కాదు, అక్కడ ఉంది.

మలిసంధ్య

వస్తున్నారండీ, మూడేళ్లుగా. అంతకుముందు విగ్గు ఉండేది. ఎందుకు తీసేశారో నేనెన్నడూ అడగలేదు. నానుడిని ప్రసంగంలోంచి తీసేశాను. నిన్న ఫ్యాను గురించి అడిగితే, పన్నెండేళ్లలో అది మూడవదని చెప్పారు. ఇంతకాలం పక్కనే కూర్చొని, అది ఎండకోసమనే అనుకొన్నాను. సభ రోజున ఆమె కుర్చీని ఏసీ గాలి నేరుగా తగిలే చోట వేయమని చెప్పి వచ్చాను.