నాలుగు చెయిన్లూ ఒకే మాట చెప్పాయి, కానీ అన్నీ తప్పే! టెంపరింగ్ తెలిసినవాళ్లు సాయం చేయండి

నమస్కారం. ప్రాబబిలిటీలో పరిశోధన మొదలుపెట్టి రెండేళ్లయింది. మార్కోవ్ చెయిన్ మాంటే కార్లో (యాదృచ్ఛిక అడుగులు వేస్తూ ఒక డిస్ట్రిబ్యూషన్ నుంచి శాంపిల్స్ తీసే పద్ధతి) దగ్గర ఇరుక్కుపోయాను.

నా డిస్ట్రిబ్యూషన్‌కి రెండు శిఖరాలు, మధ్యలో లోతైన లోయ. డైమెన్షన్లు 12. మామూలు రాండమ్ వాక్ మెట్రోపొలిస్ వాడాను, అంటే 1953 నాటి పద్ధతే. ప్రపోజల్ (తర్వాతి అడుగు ఎక్కడికో సూచించేది) సిమెట్రిక్ కాబట్టి 1970లో హేస్టింగ్స్ చేర్చిన సవరణతో పని పడలేదు. యాక్సెప్టెన్స్ రేటు (ప్రపోజల్స్‌లో అంగీకరించినవాటి వంతు) అందరూ చెప్పే 0.234 దగ్గరికి తెచ్చాను. నాలుగు చెయిన్లు, ఒక్కోటి 2 లక్షల అడుగులు నడిపితే ఆర్-హ్యాట్ (చెయిన్లు ఒకదానితో ఒకటి ఎంత కలుస్తున్నాయో చూపే కొలత, 1కి దగ్గరుంటే మంచిది) 1.003 వచ్చింది. సంబరపడిపోయాను.

తీరా చూస్తే నాలుగింటినీ ఒకే శిఖరం పక్కనుంచి మొదలుపెట్టాను! రెండో శిఖరం మొహం ఒక్కటీ చూడలేదు. రెండేసి చెయిన్లను చెరో వైపు నుంచి వదిలితే ఆర్-హ్యాట్ 4 దాటింది. అడుగు పెద్దది చేస్తే దాదాపు ప్రతి ప్రపోజలూ తిరస్కరణే.

ఇప్పుడు ప్యారలల్ టెంపరింగ్ పెట్టాను, 6 ఉష్ణోగ్రతలతో. అంటే లోయలు చదునయ్యేలా 'వేడి' చేసిన డిస్ట్రిబ్యూషన్లపై చెయిన్లు పక్కపక్కనే నడుస్తూ స్థానాలు మార్చుకుంటాయి. కింది రెండు మెట్ల (ఉష్ణోగ్రతల) మధ్య మార్పిడి దాదాపు జరగడం లేదు. మెట్లు పెంచాలా, లేక వాటి మధ్య దూరాన్ని నడుస్తుండగానే సర్దుకునేలా చేయాలా? అలా సర్దితే చెయిన్ మార్కోవ్ గుణం (తర్వాతి అడుగు ప్రస్తుత స్థితిపైనే ఆధారపడటం) పోతుందేమోనని భయం.

అసలు టెన్షన్ వేరే ఉంది. మా గైడ్‌గారు నిరూపణ అడుగుతున్నారు. కండక్టెన్స్‌తో (ఒక భాగం నుంచి చెయిన్ ఎంత తేలిగ్గా బయటపడుతుందో చెప్పే కొలత) పాత చెయిన్ నెమ్మదని చూపించడం తేలికే అయింది. టెంపరింగ్ తర్వాత స్పెక్ట్రల్ గ్యాప్ (ఎంత పెద్దదైతే చెయిన్ అంత త్వరగా కుదురుకుంటుంది) పెరుగుతుందని చూపించడమే చేతకావడం లేదు. శిఖరాల వెడల్పులు బాగా తేడాగా ఉన్నప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలి?