లైన్ కార్డుల ఫర్మ్‌వేర్ అప్‌గ్రేడ్: చేసినవాళ్లు మీ అనుభవం చెప్పండి (ఏఎస్‌ఆర్ 9010)

బెజవాడ_నాక్

అందరికీ నమస్కారం. నేను విజయవాడలో ఒక ఇంటర్నెట్ ప్రొవైడర్ దగ్గర నాక్‌లో (నెట్‌వర్క్‌ను కనిపెట్టుకుని ఉండే విభాగం) పని చేస్తున్నాను. మూడేళ్ల అనుభవం ఉంది కానీ ఎక్కువగా స్విచ్‌ల మీదే. వచ్చే శనివారం అర్ధరాత్రి 12 నుంచి 5 వరకు నాకు విండో, అంటే పని చేసుకోవడానికి అనుమతించిన సమయం, ఇచ్చారు. సిస్కో ఏఎస్‌ఆర్ 9010 రౌటర్ ఒకటి, అందులోని సాఫ్ట్‌వేర్ 32 బిట్ ఐఓఎస్ ఎక్స్‌ఆర్, దాన్ని 5.3.4 నుంచి 6.4.2కి తీసుకెళ్లాలి. లింకులు తగిలించే పోర్టులుండే లైన్ కార్డులు ఆరున్నాయి: నాలుగు 24 పోర్టుల 10 గిగ్ కార్డులు, రెండు మాడ్యులర్ కార్డులు (మాడ్80).

సాఫ్ట్‌వేర్ ఎలా ఎక్కించాలో ల్యాబ్‌లో రెండుసార్లు చేసి చూశాను, అక్కడ భయం లేదు. భయమంతా తర్వాత చేయాల్సిన ఎఫ్‌పీడీ (కార్డు మీది చిప్‌ల ఫర్మ్‌వేర్) అప్‌గ్రేడ్ గురించే. ల్యాబ్‌లో 6.4.2 ఎక్కాక అడ్మిన్ మోడ్‌లో "షో హెచ్‌డబ్ల్యూ-మాడ్యూల్ ఎఫ్‌పీడీ లొకేషన్ ఆల్" కొడితే చివరి కాలమ్‌లో చాలా వరుసలకు "యెస్" అని వచ్చింది. ల్యాబ్‌లో ఒకటే కార్డు. ఇక్కడ ఆరు, వాటి వెనక నిజమైన కస్టమర్లు. మధ్యలో ఏదైనా అయితే కార్డు మళ్లీ లేవదంటున్నారు. రెండు రోజులుగా ఇదే టెన్షన్. ముందే చేసినవాళ్లు దయచేసి చెప్పండి.

రాత్రి_విండో (హైదరాబాద్)

తమ్ముడూ, ముందు ఒక విషయం తెలుసుకుంటే సగం భయం పోతుంది. లైన్ కార్డు మీద ఉండేది ఒక్క ఫర్మ్‌వేర్ కాదు. కార్డును బూట్ చేసే రోమ్‌మాన్ ఒకటి, లోపలి సర్క్యూట్‌ను మళ్లీ రాయగలిగే ఎఫ్‌పీజీఏ చిప్‌లు కొన్ని, అలాంటిదే చిన్నది సీపీఎల్‌డీ, కార్డుకు కరెంటు ఇవ్వడం ఆపడం చూసుకునే క్యాన్ బస్ కంట్రోలర్, అంటే జాబితాలో సీబీసీ అని కనిపించేది. వీటన్నిటికీ కలిపి ఎఫ్‌పీడీ అంటారు, ఫీల్డ్‌లోనే మళ్లీ రాయగలిగే చిప్‌లు అని. ఒక్కో చిప్‌కు విడిగా ఒక వెర్షన్ ఉంటుంది. ఎక్స్‌ఆర్ కొత్త వెర్షన్ వచ్చినప్పుడు దానికి తగ్గ చిప్ వెర్షన్లు కూడా దానితో వస్తాయి. ఆ రెండూ కలవకపోతే "యెస్" చూపిస్తుంది.

చాలామందికి తెలియనిది: ఫ్లాష్‌లోకి కొత్త ఇమేజ్ రాస్తున్నంతసేపూ కార్డు పాత ఇమేజ్‌తోనే నడుస్తుంది, ట్రాఫిక్ పోతూనే ఉంటుంది. కార్డును రీలోడ్ చేసినప్పుడే కొత్తది అమల్లోకి వస్తుంది. అంటే ప్రమాదం రెండు చోట్ల ఉంది. రాస్తుండగా కరెంటు పోవడం, కార్డు పీకడం, రీలోడ్ చేయడం మొదటిది. రాత సరిగ్గా పూర్తికాకుండానే రీలోడ్ కొట్టడం రెండోది.

రెండోదాన్ని పూర్తిగా మన చేతుల్లో ఉంచుకోవచ్చు. కాబట్టి దీన్ని పెద్ద అక్షరాలతో ఎంఓపీలో (పని ఏ వరుసలో చేయాలో రాసుకునే పత్రం) రాసుకోండి: ఏ కార్డులోనైనా ఒక్క ఎఫ్‌పీడీ అయినా ఫెయిల్ అని వస్తే ఆ కార్డును రీలోడ్ చేయకూడదు. అదే ఎఫ్‌పీడీని విడిగా మళ్లీ రాయాలి. కార్డు నడుస్తున్నంతసేపూ బతికే ఉంది. పాడైన ఇమేజ్‌తో రీలోడ్ చేసినప్పుడే అసలు కష్టం.

కన్సోల్_ముందు

పై అన్న చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. ఇంకొకటి కలుపుతాను. 32 బిట్‌లో ఎఫ్‌పీడీ ఇమేజ్‌లు విడిగా ఒక "పై" ఫైల్‌లో (సిస్కో సాఫ్ట్‌వేర్ ప్యాకేజీ) వస్తాయి. మినీ పై, ఎంపీఎల్ఎస్ పై అన్నీ యాక్టివేట్ చేసి ఎఫ్‌పీడీ పై మర్చిపోతే కార్డులోకి రాయడానికి ఇమేజే ఉండదు. అప్పుడు రాత్రి రెండింటికి ఫైల్ కోసం వెతుక్కోవాలి. మా టీమ్‌లో ఇలా జరిగింది. ఫైల్ ఉంది, కానీ పాత వెర్షన్‌ది. ఫైల్ సరైనదేనా అని చూపే ఎమ్‌డీ5 కోడ్ ముందే సరిచూసుకోండి.

బెజవాడ_నాక్

చాలా థ్యాంక్స్ అన్నా. ఎఫ్‌పీడీ పై నా జాబితాలో ఉంది, ఇప్పుడే మళ్లీ చూశాను. ఒక సందేహం. "ఎఫ్‌పీడీ ఆటో-అప్‌గ్రేడ్" అని అడ్మిన్ కాన్ఫిగ్‌లో ఒక లైను పెడితే అన్నీ అదే చేసుకుంటుందంటున్నారు. పెట్టమంటారా?

దమ్మామ్_ఫైబర్

నేను పెడతాను. రౌటర్ ఎలాగూ రీబూట్ అవుతుంది కదా, ఆ రీబూట్‌కు ముందే ఎఫ్‌పీడీలు కూడా రాసేస్తుంది. కస్టమర్‌కు ఒకే దెబ్బ. విడిగా చేస్తే సాఫ్ట్‌వేర్ కోసం ఒకసారి, ఎఫ్‌పీడీ కోసం కార్డు కార్డుకూ ఇంకోసారి లింకులు పడతాయి. ఇక్కడ సౌదీలో మాకు విండో మూడు గంటలే ఇస్తారు, రెండుసార్లు దించే వీలే లేదు. పది పన్నెండు బాక్సులు ఇలాగే చేశాను.

రాత్రి_విండో (హైదరాబాద్)

దమ్మామ్ గారూ, మీ ఇబ్బంది అర్థమవుతోంది, కానీ మొదటిసారి చేస్తున్న మనిషికి నేను ఆటో పెట్టమని చెప్పను. కారణం ఒకటే. ఆటోలో ఆరు కార్డులు, రౌటర్‌ను నడిపే రెండు ఆర్‌ఎస్‌పీ కార్డులు కలిసి ఒకేసారి రాస్తాయి. ఆ సమయంలో సైట్‌లో కరెంటు పోతే ఎనిమిదింటికీ కలిసి దెబ్బ. చేత్తో ఒక్కో కార్డు చేస్తే పోయినా ఒకటే పోతుంది. మీ సైట్ పవర్ మీద మీకు పూర్తి నమ్మకం ఉంది కాబట్టి మీకు సరిపోయింది. ప్రతి సైటూ అలా ఉండదు.

దమ్మామ్_ఫైబర్

అది ఒప్పుకుంటాను. మా డేటా సెంటర్‌లో రెండు కరెంటు ఫీడ్లూ పూర్తిగా వేర్వేరు. చిన్న ఊళ్లలో ఎక్స్ఛేంజ్ గది అయితే నేనూ ఆటో పెట్టను.

కోనసీమ_టెలికాం

పవర్ మాట వచ్చింది కాబట్టి నా అనుభవం చెప్పాలి. కోస్తాలో ఒక చిన్న ఊరు, అక్కడ మా రౌటర్ ఉన్న గది. చాసిస్‌కు (కార్డులన్నీ కూర్చునే పెట్టె) మైనస్ 48 వోల్టుల ఫీడ్లు రెండు ఉన్నాయని డ్రాయింగ్‌లో ఉంది. ఎంఓపీలో అదే రాసుకున్నాను. గదికి వెళ్లి చూడలేదు. రెండు ఫీడ్లూ ఏసీని డీసీగా మార్చే ఒకే రెక్టిఫైయర్ ప్లాంట్ నుంచి, ఒకే బ్యాటరీ బ్యాంక్ మీద నుంచి వస్తున్నాయని తర్వాత తెలిసింది.

రాత్రి రెండు కార్డులకు ఎఫ్‌పీడీ రాస్తున్నాం. ఊళ్లో కరెంటు పోయింది. జనరేటర్ అందుకోవడానికి కొద్ది నిమిషాలు పట్టింది, అంతే. మామూలు రోజైతే బ్యాటరీలు ఆ కొద్దిసేపు మోయాలి. అవి పాతబడిపోయాయి, మోయలేదు. చాసిస్ మొత్తం ఆగిపోయింది. కరెంటు వచ్చాక ఒక కార్డు లేచింది. రెండోది లేవలేదు. కన్సోల్‌లో ఆ స్లాట్ నుంచి ఒక్క అక్షరం కూడా రాలేదు. రెండుసార్లు బయటికి తీసి పెట్టాం, స్లాట్ మార్చి చూశాం. లాభం లేదు.

స్పేర్ కార్డు మా జిల్లా ఆఫీసులో లేదు. హైదరాబాద్ నుంచి రావాల్సి వచ్చింది. ఆ కార్డు మీద ఉన్న ఊళ్లన్నీ మర్నాడు మధ్యాహ్నం దాకా ఆగిపోయాయి. అందులో ఒక ఆసుపత్రి లింక్ కూడా ఉంది. ఆ రోజు వాళ్లు ఫోన్ చేసి అడిగిన మాటలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి.

కాబట్టి తమ్ముడూ, విండోకు ఒక రోజు ముందు సైట్‌లో ఉన్నవాళ్లతో నాలుగు విషయాలు మాట్లాడు. రెండు ఫీడ్లు ఎక్కడి నుంచి మొదలవుతున్నాయో కేబుల్ పట్టుకుని చూడమను. బ్యాటరీల మీద లోడ్ పెట్టి చూడమను. డీజిల్ ఉందా అడుగు. రాస్తున్నంతసేపు జనరేటర్ ఆన్‌లోనే ఉంచమను. ఇంకొకటి, గదిలో ఆ సమయంలో వేరే పని ఎవరికీ లేకుండా చూడు. స్పేర్ కార్డు నీ పక్కనే ఉండాలి, వేరే ఊళ్లో స్టోర్‌లో కాదు.

బెజవాడ_నాక్

కోనసీమ గారూ, మీ పోస్ట్ రెండుసార్లు చదివాను. మా సైట్ ఫీడ్ల సంగతి నాకూ తెలియదు, డ్రాయింగ్ చూసే రాసుకున్నాను. రేపు నేనే స్వయంగా వెళ్లి చూస్తాను.

డాలస్_తెలుగు

స్పేర్ గురించి ఒక మాట. స్పేర్ కార్డు ఏళ్ల తరబడి బీరువాలో ఉంటే దాని ఎఫ్‌పీడీలు కూడా పాతవే. అత్యవసరంలో దాన్ని కొత్త ఎక్స్‌ఆర్ ఉన్న చాసిస్‌లో పెడితే మళ్లీ "యెస్" వస్తుంది, అప్పుడు కూడా అప్‌గ్రేడ్, రీలోడ్ చేయాలి. ఆ సమయం కూడా లెక్కలో వేసుకోండి. ఆ "యెస్" అంటే ఎప్పుడూ అప్‌గ్రేడే అనుకోకండి. కాలమ్ పేరులోనే అప్‌గ్రేడ్ లేదా డౌన్‌గ్రేడ్ అని ఉంటుంది. కొత్తగా కొన్న కార్డును పాత ఎక్స్‌ఆర్‌లో పెట్టినప్పుడు వెనక్కి దిగమని అడగవచ్చు. వెర్షన్ నంబర్లు చదివాకే ఎంటర్ కొట్టండి.

పాత_7600

ఇక్కడ అందరూ ఎక్స్‌ఆర్ గురించి చెబుతున్నారు. నేను సిస్కో 7600 రౌటర్ల రోజుల నాటి మనిషిని, ఇంకా అవి నడిపే చోట్లు ఉన్నాయి కాబట్టి చెబుతున్నాను. అందులో సిప్ కార్డు, దానిలో చిన్న స్పా కార్డులు ఉంటాయి. ఐఓఎస్ మార్చాక బూట్ అయ్యేటప్పుడు ఎఫ్‌పీడీ ప్యాకేజీ ఫైల్ కోసం డిస్క్‌లో వెతుక్కుంటుంది. వెర్షన్ కలవక, ఫైల్ కూడా దొరకకపోతే ఆ స్పాను డిజేబుల్ చేసి కూర్చుంటుంది.

మా బాక్స్‌లో జరిగింది అదే. ఐఓఎస్ ఫైల్ పెట్టాం, ఎఫ్‌పీడీ ప్యాకేజీ పెట్టలేదు. బూట్ అయింది, స్పా డిజేబుల్ అయింది. బయటికి వెళ్లే అప్‌లింక్ ఆ స్పా మీదే ఉంది. ఫైల్ పంపాలంటే దారే లేదు. నేను కాంపాక్ట్ ఫ్లాష్ కార్డులో ఫైల్ కాపీ చేసుకుని హైదరాబాద్ నుంచి రాజమండ్రి రాత్రి బస్సు ఎక్కాను. పొద్దున్న ఫ్లాష్ పెట్టి ప్యాకేజీ దారి చూపించి "షో అప్‌గ్రేడ్ ఎఫ్‌పీడీ ప్రోగ్రెస్" చూస్తూ కూర్చున్నాను, కాసేపటికి లింక్ లేచింది. చెప్పేదేమంటే, కార్డు అప్‌గ్రేడ్‌కు కావాల్సిన ప్రతి ఫైలూ ముందే బాక్స్ లోపల ఉండాలి. ఆ కార్డు మీదుగా తెచ్చుకోవాలని ఎప్పుడూ అనుకోకూడదు.

జూనిపర్_రాజు

జూనిపర్ ఎంఎక్స్ వాళ్లు కూడా చదువుతుంటే: "షో సిస్టమ్ ఫర్మ్‌వేర్" కొడితే ఏ భాగంలో ఏ వెర్షన్ ఉందో, ప్యాకేజీలో ఏది ఉందో పక్కపక్కన కనిపిస్తుంది. రాయడానికి "రిక్వెస్ట్ సిస్టమ్ ఫర్మ్‌వేర్ అప్‌గ్రేడ్". జాగ్రత్తలు మాత్రం ఇవే.

డాలస్_తెలుగు

ఇంత ప్రమాదమైతే అసలు "యెస్" వదిలేస్తే పోలేదా అని ఎవరైనా అడగవచ్చు, మా మేనేజర్ కూడా అడిగారు. కొన్ని నెలలు బాగానే నడవవచ్చు. కానీ ఆ చిప్ వెర్షన్‌తో పరీక్షించని సాఫ్ట్‌వేర్ నడుపుతున్నట్టు లెక్క. సమస్య వస్తే వెండర్ సపోర్ట్ మొదట అడిగేది ఎఫ్‌పీడీలు సరిగ్గా ఉన్నాయా అనే.

భద్రత కూడా ఉంది. 2019 మే నెలలో రెడ్ బెలూన్ సెక్యూరిటీ పరిశోధకులు సీవీఈ-2019-1649 అనే భద్రతా లోపాన్ని బయటపెట్టారు. థ్రాంగ్రీక్యాట్ అని పిలిచారు. అసలైన సాఫ్ట్‌వేరే బూట్ అయ్యేలా చూసే సిస్కో సెక్యూర్ బూట్‌కు మూలాధారంగా ఉన్న ఎఫ్‌పీజీఏ ఇమేజ్‌నే మార్చగల లోపం అది. సిస్కో తన ప్రకటనలోనే రాసింది: చాలా మోడళ్లలో దీన్ని సరిచేయాలంటే సైట్‌లోనే కింది స్థాయి హార్డ్‌వేర్ భాగాన్ని మళ్లీ ప్రోగ్రామ్ చేయాలి, అది మధ్యలో విఫలమైతే పరికరం పనికిరాకుండా పోయి కొత్తది తెప్పించుకోవాల్సి రావచ్చు అని. అంటే ఈ పని తప్పించుకోలేం. నేర్చుకుని జాగ్రత్తగా చేయాల్సిందే.

కన్సోల్_ముందు

రీలోడ్‌కు ముందు ట్రాఫిక్ పక్కకు తప్పించడం మర్చిపోవద్దు. బండిల్‌లో (కొన్ని పోర్టులు కలిపి ఒకే లింక్‌గా చేసినది) మెంబర్లు రెండు వేర్వేరు కార్డుల మీద ఉంటే ఒక కార్డు పడినా లింక్ నిలుస్తుంది. ఒకే కార్డు మీద అన్ని మెంబర్లు ఉన్న బండిల్స్ ఎన్నో ముందే లెక్క తీయండి. ఒకే పోర్టు మీద ఉన్న కస్టమర్లకు ముందే మెసేజ్ పంపండి. రీలోడ్ తర్వాత "షో ప్లాట్‌ఫామ్"లో "ఐఓఎస్ ఎక్స్‌ఆర్ రన్" కనిపించాలి, బీజీపీ నైబర్లు (రూట్లు పంచుకునే పక్క రౌటర్లు), ఆప్టిక్స్ పవర్ (ఫైబర్‌లో కాంతి బలం) రెండూ ముందు తీసిన లాగ్‌తో పోల్చి చూడాలి. అప్పుడే తర్వాతి కార్డు.

రాస్తున్నప్పుడు స్క్రీన్ చాలాసేపు కదలదు. అది చచ్చిపోయినట్టు కాదు. మా దగ్గర ఒక్కో కార్డుకు పది నుంచి పాతిక నిమిషాలు పట్టింది. లాగిన్‌లోనే ఉండండి, సెషన్ తెగినా పోకుండా కన్సోల్ సర్వర్ నుంచి చేయండి.

రాత్రి_విండో (హైదరాబాద్)

ఇంకో సలహా. ఆరూ ఒకే రాత్రి చేయాలని పట్టుపట్టకు. శనివారం సాఫ్ట్‌వేర్, తక్కువ ట్రాఫిక్ ఉన్న రెండు కార్డులు. మిగతా నాలుగు తర్వాతి శనివారం. మేనేజర్ ఒప్పుకోకపోతే మాతో పంచుకో, ఏం రాయాలో చెబుతాం.

బెజవాడ_నాక్

నమస్కారం, పని అయింది.

సైట్‌కు వెళ్లి చూస్తే రెండు ఫీడ్లూ ఒకే రెక్టిఫైయర్ నుంచే వస్తున్నాయి. కోనసీమ గారు చెప్పకపోతే నేను చూసేవాణ్నే కాదు. ఈ ఒక్క విషయం చూపించి రెండు విండోలుగా విడగొట్టమని అడిగాను, మేనేజర్ వెంటనే ఒప్పుకున్నారు. రెండు రాత్రులూ జనరేటర్ మీదే నడిపాం. ఆటో పెట్టలేదు.

మొదటి శనివారం రెండు కార్డులు, ఒక్కోదానికి పదిహేను నిమిషాల దాకా. ఏ ఇబ్బందీ లేదు. రెండో శనివారం మాడ్80 ఒకదానిలో ఒక ఎఫ్‌పీజీఏ దగ్గర ఫెయిల్ అని వచ్చింది, మిగతావన్నీ సక్సెస్. చేతులు వణికాయి. రీలోడ్ చేయకూడదన్న మాట ఎంఓపీలో పెద్ద అక్షరాలతో ఉంది. ఆ ఒక్క ఎఫ్‌పీజీఏను విడిగా మళ్లీ రాశాను, రెండోసారి సక్సెస్ వచ్చింది. ఆ తర్వాతే రీలోడ్. కార్డు లేచింది, ఆప్టిక్స్ పవర్ పాత లాగ్‌తో సరిపోయింది. తెల్లవారుజామున 3:40కి చివరి వరుసలో కూడా "నో" అని చూశాను.

రెక్టిఫైయర్ సంగతి పవర్ టీమ్‌కు రాతపూర్వకంగా ఇచ్చాను. రెండోది పెట్టేదాకా వదలను.