వానాకాలంలో విద్యుత్ స్కూటర్ మీద ఆఫీసుకు: చందానగర్ నుంచి గచ్చిబౌలి

ప్రశ్న: చందానగర్ వాసి

అందరికీ నమస్కారం. నేను చందానగర్ నుంచి గచ్చిబౌలిలోని ఆఫీసుకు రోజూ రానూపోనూ 22 కిలోమీటర్లు తిరుగుతుంటాను. 12 ఏళ్లు నడిపిన పెట్రోల్ స్కూటర్ ఇక మరమ్మతులకు లొంగడం లేదు కనుక ఈసారి విద్యుత్ స్కూటర్ కొనాలనుకుంటున్నాను. ఎండల గురించి నాకు బెంగ లేదు, సందేహమంతా జూన్ నుంచి అక్టోబరు దాకా పడే వానల గురించే. మన ఊళ్లో వాన కనిపెట్టి చూసినట్టు ఆఫీసులు వదిలే వేళకే మొదలవుతుంది, కాసేపటికే లింగంపల్లి రైల్వే అండర్‌బ్రిడ్జి కింద నీళ్లు నిలుస్తాయి. షోరూమ్‌లో అడిగితే "ఐపీ 67 ఉంది సార్, ఏమీ కాదు" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. మా ఇంట్లో మాత్రం కరెంటు బండిని నీళ్లలోకి దించడమేమిటని కంగారు పడుతున్నారు. ఆ అంకెకు అసలు అర్థమేమిటో, వానల్లో నిజంగా నడిపినవారి అనుభవమేమిటో దయచేసి తెలియజేయగలరు.

జవాబు: నాలుగో వానాకాలం

నేను కూకట్‌పల్లి నుంచి మాదాపూర్‌కు నాలుగేళ్లుగా విద్యుత్ స్కూటర్ మీదే వెళుతున్నాను. పైనుంచి పడే వాన వల్ల నాకు ఇంతవరకు ఏ ఇబ్బందీ రాలేదు. జాగ్రత్త పడవలసింది కింద నిలిచే నీటి విషయంలోనే.

ఐపీ 67లో 6 దుమ్ముకు, 7 నీటికి సంబంధించిన అంకెలు. ఒక మీటరు లోతు నీటిలో 30 నిమిషాలు ముంచి ఉంచినా హాని చేసేంత నీరు లోపలికి చేరకూడదని ఆ 7కు అర్థం. ఇది కొత్త భాగం మీద, కదలని మంచినీటిలో జరిపే పరీక్ష. పైగా ఆ గుర్తింపు సాధారణంగా బ్యాటరీకి, మోటారుకు విడివిడిగా ఉంటుందే గాని స్విచ్చులు, వైర్ల కనెక్టర్లతో సహా మొత్తం బండికి ఉండదు. కొనే ముందు "ఏ భాగానికి ఐపీ 67?" అని అడిగి చూడండి, జవాబు చెప్పడానికి షోరూమ్ వాళ్లు కాస్త తడుముకుంటారు.

ఇంకొక సంగతి ఎవరూ చెప్పరు. పది కిలోమీటర్లు నడిచిన మోటారు వేడెక్కి, లోపలి గాలి వ్యాకోచించి ఉంటుంది. దాన్ని ఒక్కసారిగా చల్లటి నీళ్లలో దించితే ఆ గాలి కుంచించుకుపోయి, సీలు కొంచెం అరిగి ఉన్నా సరే, బయటి నీటిని లోపలికి లాగుతుంది. వేడి నీళ్లు పోసి మూత బిగించిన ప్లాస్టిక్ సీసా చల్లారాక లోపలికి నొక్కుకుపోవడం చూసే ఉంటారు, ఇదీ అలాంటిదే. అందుకే చక్రం మధ్యలోనే మోటారు ఉండే బండ్ల కంటే, మోటారు పైన ఉండి బెల్టుతోనో గొలుసుతోనో చక్రాన్ని తిప్పే బండ్లు మన రోడ్లకు మేలని నా అభిప్రాయం. ఏ బండి అయినా నేను పెట్టుకున్న హద్దు ఇరుసు. 90/90-12 టైరుకు ఇరుసు నేల నుంచి సుమారు 23 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది, నీళ్లు అంతకు మించితే బండి వెనక్కి తిప్పుతాను.

తడి రోడ్డు మీద ఎకో మోడ్‌లోనే నడపండి. విద్యుత్ మోటారు కదలిన క్షణం నుంచే పూర్తి బలంతో లాగుతుంది కాబట్టి, మ్యాన్‌హోల్ మూతల మీద, జీబ్రా గీతల మీద వెనక చక్రం జారుతుంది. యాక్సిలరేటర్ వదలగానే బండిని ఆపే రీజెన్ ఎక్కువగా పెట్టుకున్నా అదే జరుగుతుంది.

జవాబు: నిజాంపేట

పై మిత్రులు రోడ్డు గురించి వివరంగా చెప్పారు, నాకు దెబ్బ తగిలింది ఇంట్లో. రెండేళ్ల క్రితం సెప్టెంబరులో ఒక రాత్రి కురిసిన వానకు మా అపార్టుమెంటు సెల్లార్‌లోకి నీళ్లు వచ్చాయి. కరెంటు పోవడంతో నీళ్లు తోడే మోటారు ఆగిపోయింది, తెల్లవారి చూస్తే నా స్కూటర్ సీటు, హ్యాండిల్ మాత్రమే పైకి కనిపిస్తున్నాయి. పరీక్ష 30 నిమిషాలకే, నా బండి కనీసం ఆరు గంటలు మునిగి ఉంది. నేను తాళం తిప్పలేదు, చార్జింగ్ పెట్టలేదు, ఫొటోలు తీసి బండిని ట్రాలీలో సర్వీస్ సెంటర్‌కు పంపాను. అక్కడ బ్యాటరీకి వారంటీ వర్తించదన్నారు, చాలా వాదించినా లాభం లేకపోయింది. అయితే నాకు సమగ్ర బీమా ఉంది, అందులో వరద నష్టానికి రక్షణ ఉంటుంది. మునిగిన తర్వాత బండి స్టార్ట్ చేయలేదని సర్వేయర్ ప్రత్యేకంగా అడిగి రాసుకున్నారు. థర్డ్ పార్టీ బీమా మాత్రమే ఉన్నవారికి ఈ సొమ్ము రాదు.

జవాబు: వైరింగ్ పని

నేను ఇళ్లలో ఎలక్ట్రికల్ పని చేస్తాను. బండి కంటే ముందు ప్లగ్ పాయింటును చూసుకోండి. మామూలు ఎంసీబీ లోడు ఎక్కువైనప్పుడు, షార్ట్ అయినప్పుడు పడుతుంది, మనిషికి షాక్ కొట్టినప్పుడు పడుతుందని నమ్మకూడదు. కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పనిసరిగా పెట్టించండి, ఎర్తింగ్ పరీక్ష చేయించండి. తడిసి ఇంటికి రాగానే ప్లగ్ పెట్టకండి. చార్జింగ్ పోర్టు పొడిగుడ్డతో తుడిచి, గంటసేపు ఆరనివ్వండి. పిన్నుల మీద పచ్చటి చిలుము కనిపిస్తే గీకవద్దు, మార్పించండి.

చందానగర్ వాసి

అందరికీ ధన్యవాదాలు. 23 సెంటీమీటర్ల మాట చదివాక ఈ రోజు సాయంత్రం అండర్‌బ్రిడ్జి దగ్గర ఆగి, గోడ మీద ఉన్న బురద చార ఎత్తు చూశాను, అది నా మోకాలు దాటి ఉంది. కాబట్టి వాన రోజుల్లో దూరమైనా హఫీజ్‌పేట ఫ్లైఓవర్, కొత్తగూడ మీదుగా వెళతాను. బెల్టుతో నడిచే బండినే చూస్తున్నాను. నిజాంపేట గారూ, మాదీ సెల్లార్ పార్కింగే. చార్జింగ్ పాయింటు పైకి మార్చడానికి మీ అసోసియేషన్ ఒప్పుకుందా?

నిజాంపేట

మూడు మీటింగులు పట్టిందండీ. ఖర్చు నాదే, సబ్‌మీటరు నాదే అని రాసిచ్చాక, గేటు పక్కన వాచ్‌మన్ గది గోడకు ఛాతీ ఎత్తులో పెట్టుకోనిచ్చారు. ఇప్పుడు అక్కడ నాలుగు పాయింట్లు ఉన్నాయి. అప్పట్లో అందరికంటే గట్టిగా వద్దన్న ఆయనదే రెండోది.