హత్య మిస్టరీ నడిపేటప్పుడు జోన్ ఆఫ్ ట్రూత్ స్పెల్‌ను నిషేధించవచ్చా?

కొలిమి:
డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే పాత్రధారణ ఆట అయిదో ఎడిషన్‌లో ఒక హత్య మిస్టరీ నడపబోతున్నాను. రేవు అధికారి హత్యకు గురవుతాడు, అనుమానితులు ఆరుగురు. మా బృందంలోని క్లెరిక్‌కు (దైవశక్తితో మంత్రాలు వేసే పాత్ర) మూడో లెవెల్‌లోనే జోన్ ఆఫ్ ట్రూత్ (అబద్ధమాడనివ్వని స్పెల్, అంటే మంత్రం), అయిదో లెవెల్‌లో స్పీక్ విత్ డెడ్ (శవాన్ని ప్రశ్నించే స్పెల్) అందుబాటులోకి వస్తాయి. ఆరుగురినీ ఒక గదిలో నిలబెట్టి "చంపింది నువ్వేనా" అని అడిగితే నేను రాసుకున్నదంతా అక్కడితో ముగిసిపోతుంది. అందుకే ఈ రెండింటినీ నిషేధించాలనుకుంటున్నాను.

మిణుగురు:
నిషేధం అక్కరలేదు. స్పెల్ వర్ణన పూర్తిగా చదవండి. పదిహేను అడుగుల వ్యాసార్ధం ఉన్న వలయంలో చిక్కినవాడు తెలిసి అబద్ధమాడలేడు గానీ, స్పెల్ సంగతి అతనికి తెలుస్తుంది, జవాబు దాటవేసే వీలూ ఉంటుంది. "నేను గదిలోంచి బయటికి వచ్చేసరికి ఆయన భోజనం చేస్తూనే ఉన్నారు" అని విషం కలిపినవాడు సైతం నిజమే చెప్పగలడు. శవం సంగతీ అంతే: అయిదు ప్రశ్నలే అడగాలి, బతికుండగా తెలిసినదే అది చెబుతుంది, వెనుక నుంచి పొడిచినవాడి ముఖం దానికి తెలియదు.

నూతిగట్టు:
సేవింగ్ త్రో (స్పెల్‌ను తట్టుకోవడానికి వేసే డైస్) గెలిచినవాడు హాయిగా అబద్ధమాడవచ్చు, ఆ సంగతి క్లెరిక్‌కు తెలియదు కదా.

మిణుగురు:
తెలుస్తుంది. ఎవరు గెలిచారో, ఎవరు ఓడారో స్పెల్ వేసినవారికి తెలుస్తుందని వర్ణనలోనే ఉంది.

నూతిగట్టు:
మా దగ్గర తెలియదనే ఆడతాము.

కొలిమి:
అయిదుగురు "నేను చంపలేదు" అని సూటిగా చెప్పి ఆరోవాడు మాట దాటవేస్తే, ఆ దాటవేతే నేరాంగీకారం కాదా?

మిణుగురు:
ఆరుగురికీ దాచుకోవలసినది ఉంటే కాదు. ఒకడు సుంకం ఎగవేసిన వర్తకుడు, ఒకామె అధికారితో రహస్య సంబంధం ఉన్న స్త్రీ అనుకోండి. ఆ వలయంలో నోరు విప్పడానికి ఎవరికీ ధైర్యం చాలదు.

రావిచెట్టు:
నా అనుభవం చెప్పకుండా ఉండలేకపోతున్నాను. నేను ఆడిన ఒక క్యాంపెయిన్‌లో నా క్లెరిక్ మఠాధిపతిపై ఇదే స్పెల్ వేసినప్పుడు, అంతవరకు ప్రస్తావనకే రాని తాయెత్తు ఒకటి ఆయన మెడలో ప్రత్యక్షమై స్పెల్‌ను వమ్ము చేసింది. మేము మొదటి సెషన్‌లోనే దోషిని సరిగ్గా పట్టుకున్నందున, డీఎం (ఆట నడిపేవారు) తాయెత్తుతో మమ్మల్ని ఆపి, ఆ తరువాత దోషిని తోటమాలిగా మార్చేశారని ఆట ముగిశాకే తెలిసింది. అన్ని వారాలు క్లూలు రాసుకున్న నా నోటుపుస్తకానికి విలువ లేకుండా పోయింది.

కొలిమి:
వారాల తరబడి కష్టపడి రాసుకున్న డీఎంను మోసగాడిగా చూపడం అన్యాయం. ఒక్కరి ఊహతో కథ ముగిస్తే తక్కిన నలుగురికి ఏం మిగులుతుంది? బ్రిండిల్‌వుడ్ బే అనే ఆటలో దోషి ముందుగా నిర్ణయమై ఉండడు. ఆటగాళ్ళు తమ ఊహ చెప్పి రెండు డైస్ వేసి, దొరికిన క్లూల సంఖ్య కలిపి, మిస్టరీ క్లిష్టతను తీసివేస్తారు. వచ్చిన సంఖ్యను బట్టే ఆ ఊహ నిజమవుతుంది. దాన్ని ఎవరూ మోసమనరే!

రావిచెట్టు:
అక్కడ కూర్చునే ప్రతి ఒక్కరికీ ఆ సంగతి ముందే తెలుసు. మాకు మాత్రం జవాబు ఒకటి ఉందని, దాన్ని మేమే కనిపెట్టాలని చెప్పారు.

మిణుగురు:
2007లో రాబిన్ లాస్ రూపొందించిన గంషూ పద్ధతిలో, కథకు కీలకమైన క్లూను డైస్‌కు వదలకుండా, సరైన చోట వెతికినవారికి ఇచ్చేస్తారు. ఆ క్లూల అర్థం తేల్చడమే అక్కడ ఆట. స్పెల్‌నూ అలాగే క్లూ ఇచ్చే దారిగా చూడండి. దోషి పేరు తెలిసినా, క్లెరిక్ మాటను సాక్ష్యంగా ఒప్పుకోని నగరసభ ముందు నేరం రుజువు చేయవలసి వస్తే, తక్కిన నలుగురికీ బోలెడంత పని ఉంటుంది.

రావిచెట్టు:
కొలిమి గారూ, ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పండి. మీవాళ్ళు మొదటి సెషన్‌లోనే సరిగ్గా పట్టుకుంటే దోషిని మారుస్తారా?

కొలిమి:
ఆట పాడవుతుందనిపిస్తే మారుస్తాను.

రావిచెట్టు:
అయితే ఆ మాట ఆట మొదలుకాకముందే వాళ్ళకు చెప్పండి.

కొలిమి:
చెబితే ఇక ఏ క్లూనూ ఎవరూ నమ్మరు. స్పెల్స్ నిషేధం గురించి మొదటి రోజే చెబుతాను, ఇది మాత్రం చెప్పను.